బలపపు రాయి: దాని పుట్టుక, భేదములు, వంటయింటి యుపయోగము

పలకమీద అక్షరములు దిద్దిన ప్రతివారికిని బలపము తెలియును. కాని యా బలపము ఏ జాతి రాయి, అది భూగర్భమున నెట్లు పుట్టినది, ఏ సీమనుండి వచ్చినది యని విచారించువారు అరుదు. చేతిలో నున్న వస్తువును గూర్చి విచారింపకుండుట మనకు అలవాటు. దూరమున నున్నదానిని గూర్చి వింతపడుటయు అలవాటే. ఈ వ్యాసమున మేము బలపపు రాతిని గూర్చి, దానితో సంబంధముగల కొన్ని యితర శిలలను గూర్చి, మాకు తెలిసినంతవరకు విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి.

దీనికొక కారణము కలదు. పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి వరకు పెద్దబాటకు ఇరుప్రక్కల క్రొత్త యిండ్లు లేచుచున్నవి. ఆ బాట ప్రక్కనే రాతిబండలను నిలువున పేర్చి యమ్మెడి దుకాణములును, వానిని కోసి మెరుగుపెట్టు యంత్రములును కనబడుచుండును. ఇల్లు కట్టుకొనువారు మేస్త్రీని మొదట నడుగు ప్రశ్నలలో నొకటి, వంటగట్టునకు ఏ బండ వేయింపవలెనని. పాశ్చాత్య దేశములలో వంటగట్టులకు సోప్‌స్టోను అను రాతిని గౌరవముగా వాడుదురని యిపుడు మనవారును వినుచున్నారు. విని, అదేదో మనము కని విని యెరుగని రాయి యనుకొనుచున్నారు. అది మన బలపపు రాయియే. మన పూర్వుల వంటయింటిలో పులుసు కాగిన రాచిప్పయు ఆ జాతి రాయియే.

స్వభావము

ఈ రాతిని తాకినచో సబ్బువలె నున్నగా జారును. అందుచేతనే ఇంగ్లీషువారు దానికి సోప్‌స్టోను, అనగా సబ్బురాయి, యని పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞులు దానినే స్టియటైటు అందురు. దానిలో ముఖ్యమైన ఖనిజము టాల్కు. మెగ్నీషియము, సిలికా, నీరు అను మూడింటి చేరికచేత నీ టాల్కు ఏర్పడినది. నీరనగా రాతిలో తడిగా నుండు నీరు కాదు. ఖనిజముయొక్క కట్టడములోనే బంధింపబడిన నీరు.

టాల్కు ఎందుకు జారునో తెలిసికొనుట కష్టము కాదు. తమలపాకుల కట్టను తలచుకొనుడు. ఒక్కొక్క ఆకు తనంతట తాను గట్టిదే; కాని ఆకునకును ఆకునకును నడుమ అంటు లేదు గనుక కొద్దిగా త్రోసినచో ఒకటి మరియొకదానిపై జారును. టాల్కు కూడ నిట్టిదే. రెండు సిలికా పొరల నడుమ నొక మెగ్నీషియపు పొర చిక్కుకొని యొక ఆకు అగును. ఆ ఆకులో మూడు పొరలును బలముగా పెనగొనియుండును. కాని ఒక ఆకునకును దాని ప్రక్క ఆకునకును గల పట్టు మిక్కిలి స్వల్పము. మనము బలపముతో పలకపై గీచినపుడు ఆ సన్నని ఆకులే లేచి పలకకు అంటుకొనును.

1812వ సంవత్సరమున ఫ్రీడ్రిఖ్ మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఖనిజముల గట్టితనమును కొలుచుటకు పది మెట్ల నిచ్చెన నొకదాని నేర్పరచెను. అందు పదవ మెట్టున వజ్రము. మొదటి మెట్టున టాల్కు. మన గోటి గట్టితనము సుమారు రెండున్నర. కాబట్టి శుద్ధమైన టాల్కుపై గోటితోనే గీతలు గీయవచ్చును.

పుట్టుక

బలపపు రాయి అగ్నిపర్వతమునుండి నేరుగా పొంగి వచ్చినది కాదు. ఏటి యడుగున పేరుకొనిన మట్టియు కాదు. ముందే యున్న వేరొక రాయి భూగర్భమున వేడిమికిని, ఒత్తిడికిని, వేడినీటికిని లోనై రూపు మారగా ఏర్పడినది. ఇట్టివానిని రూపాంతర శిలలందురు. ఈ మార్పు ప్రధానముగా రెండు విధముల జరుగును.

మొదటి విధము: భూమియొక్క లోతట్టునుండి వచ్చిన, మెగ్నీషియము మిక్కుటముగా గల నల్లని బరువు రాళ్లు కొన్ని కలవు. వేడినీరు తగిలినపుడు అవి ముందుగా సర్పెంటైను అను పచ్చని శిలగా మారును. పిమ్మట బొగ్గుపులుసు వాయువుతో కూడిన నీరు దానిలో ప్రవేశించినచో సర్పెంటైను విడిపోయి, టాల్కును మాగ్నసైటు అను ఖనిజమును ఏర్పడును. ఫిన్లాండు దేశపు ప్రసిద్ధమైన పొయ్యిరాయి ఈ విధముగ పుట్టినదే.

రెండవ విధము: డోలమైటు అను రాయి కలదు. అది సున్నపురాతికి చుట్టము. అందు సున్నముతోపాటు మెగ్నీషియముకూడ నుండును. ఈ డోలమైటులోనికి సిలికాను కరగించుకొనిన వేడినీరు వచ్చి చేరినచో, మెగ్నీషియము సిలికాతో కూడి టాల్కు అగును. సున్నపు భాగము వేరుపడును. బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును.

మన తెలుగు దేశపు బలపపు రాయికి ముఖ్యమైన పుట్టినిల్లు ఈ రెండవ విధమునకు మంచి నిదర్శనము. రాయలసీమలో కడప, కర్నూలు, అనంతపురము ప్రాంతములయందు కడప శిలాశ్రేణి యనబడు మిక్కిలి ప్రాచీనమైన రాళ్లు పరచుకొనియున్నవి. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ అను నతడు వానిని గూర్చి 1872లో నొక గొప్ప గ్రంథము ప్రకటించెను. ఆ శ్రేణిలో వేంపల్లె పేర బరగు డోలమైటు పొరలు కలవు. ఒకానొక కాలమున భూగర్భమునుండి కరగిన నల్లరాతిద్రవము పైకి వచ్చి, ఈ పొరల సందులలో దూరి, పలకలవలె పరచుకొని గడ్డకట్టెను. పులివెందుల ప్రాంతమున నట్టి పలక యొకటి సుమారు 188 కోట్ల సంవత్సరముల క్రిందట ఏర్పడినదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఆ ద్రవముయొక్క వేడిమి తగిలిన చోట, డోలమైటు అంచుల వెంబడి, బలపపు రాయి ఏర్పడినది. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల దగ్గరి ముద్దవరమును, అనంతపురము జిల్లాలోని తాడిపత్రి ప్రాంతమును ఇట్టి గనులకు పేరుపొందినవి.

ఇందు నొక సంగతి గమనింపదగినది. అదే వేడిమి, అదే డోలమైటు, పులివెందుల సమీపమున మరియొక ఖనిజమును గూడ కనినవి. అది రాతినార, అనగా ఆస్బెస్టాసు. పలకపై వ్రాయు బలపమును, ఊపిరితిత్తులను చెరచు రాతినారయు తోడబుట్టినవని చెప్పవచ్చును. అందుచేతనే టాల్కు గనులనుండి వచ్చు పొడిలో రాతినార కలసియున్నదా లేదా యని పరీక్షించుట ప్రపంచమంతట ముఖ్యమైనది.

మన ప్రాంతమున నేల లేదు?

మా విద్యార్థులు ఈ ప్రశ్న తప్పక యడుగుదురు గనుక ముందే ప్రత్యుత్తరమిత్తుము. సంగారెడ్డి జిల్లాయందు ప్రధానముగా రెండు జాతుల రాళ్లు కలవు. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో గుండ్లు గుండ్లుగా కనబడునవి గ్రానైటు జాతివి. వానినుండి ఎర్రనేలలు ఏర్పడినవి. పడమటి దిక్కున జహీరాబాదు వైపు దక్కను పీఠభూమి నల్లరాయి, అనగా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టిన బసాల్టు, కలదు. దానినుండి నల్లరేగడి ఏర్పడినది. ఈ రెండు నేలలును ఒకే యావరణలో దొరకుట పటాన్‌చెరునందు 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థయగు ఇక్రిశాటును స్థాపించుటకు అనుకూలమైన సంగతి.

గ్రానైటులో సిలికా సమృద్ధిగా నున్నది గాని మెగ్నీషియము మిక్కిలి తక్కువ. బసాల్టులో మెగ్నీషియము కొంత యున్నను, మనవైపు నది పుట్టినది మొదలు గొప్ప వేడిమికిగాని ఒత్తిడికిగాని మరల లోనుకాక, పరచినది పరచినట్లే యున్నది. బలపపు రాతికి తల్లి మెగ్నీషియము. దాదులు వేడిమియు నీరును. తల్లి యున్నచోట దాదులు లేక, దాదులున్నచోట తల్లి లేక, మన ప్రాంతమున నీ బిడ్డ పుట్టలేదు.

భేదములు

సబ్బురాయి యని పిలువబడునవన్నియు నొక్కటి కావు. వానిని నాలుగు తెగలుగా విభజించి చెప్పెదము.

మొదటిది, శుద్ధమైన బలపపు రాయి. ఇది దాదాపు టాల్కే. తెలుపు, లేత పసుపు, లేత యాకుపచ్చ రంగులలో నుండును. దీనిని రంపముతో కోసి బలపములు చేయుదురు. పొడిచేసి పరిశ్రమలకు పంపుదురు. చాల మెత్తనిది గనుక వంటగట్టునకు పనికిరాదు.

రెండవది, శిల్పుల రాయి. ఇందు టాల్కుతో క్లోరైటు అను పచ్చని ఖనిజము కలసియుండును. గనినుండి తీసినపుడు మెత్తగా నుండి, గాలి తగిలినకొలది గట్టిపడునని శిల్పులు చెప్పుదురు. కన్నడ దేశమున హోయసల రాజులు ఇట్టి రాతితోనే దేవాలయములు కట్టించిరి. బేలూరు దేవాలయము 1117లో ప్రతిష్ఠితమయ్యెను. అచటి విగ్రహముల కంఠహారములలోని పూస పూసయు వేరుగా కనబడుటకు శిల్పి నేర్పు ఎంత కారణమో, రాతి మెత్తదనమును అంతియే కారణము. మన కాకతీయుల శిల్పులకు ఈ సదుపాయము లేదు. 1213 నాటి రామప్ప దేవాలయమున వారు కఠినమైన నల్లరాతిని మలచి అద్దమువలె మెరుగుపెట్టిరి. రామప్ప 2021లోను, హోయసల దేవాలయములు 2023లోను ప్రపంచ వారసత్వ స్థలములుగా నంగీకరింపబడినవి. మెత్తని రాయి చూపిన సొగసును కఠినమైన రాయి చూపిన ఓర్పును విద్యార్థులు పోల్చి చూతురుగాక.

మూడవది, పొయ్యిరాయి. ఇందు టాల్కుతో మాగ్నసైటు కూడియుండును. ఫిన్లాండు దేశపు తూర్పుభాగమున జూకా అను చోట ఇది విశేషముగా దొరకును. అచటి గడ్డు చలికాలమున ఇండ్లలో ఈ రాతితో పొయ్యిలు కట్టుకొందురు. కొన్ని గంటలు మంట పెట్టి యార్పినను, రాయి తనలో దాచుకొనిన వేడిమిని రాత్రియంతయు మెల్లమెల్లగా విడుచును.

నాలుగవది, వంటగట్టుల రాయి. ఇందు టాల్కు సగము, ఒక్కొక్కచో సగముకంటెను తక్కువ. మిగిలినది క్లోరైటు, మాగ్నసైటు మొదలగు గట్టి ఖనిజములు. అందుచేత నిది గోటికి లొంగదు గాని కత్తికి లొంగును. బూడిదరంగు, నీలికలసిన నలుపు, ఆకుపచ్చ రంగులలో తెల్లని యీనెలతో నుండును. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమునను బ్రెజిలు దేశమునను దీని గనులు ప్రసిద్ధములు. రసాయన శాస్త్ర ప్రయోగశాలల బల్లలకు, తొట్లకు ఒకప్పుడు పాశ్చాత్యులు ఈ రాతినే కోరి వేయించుచుండిరి. ఏల యనగా ఆమ్లములు దీనిని తినివేయజాలవు.

ఈ రాయి ఎంతకాలము నిలుచునను సందేహము కలుగవచ్చును. నార్వే దేశమున ట్రాండ్‌హైము నగరములోని ప్రాచీనమైన క్రైస్తవ దేవాలయము అధికభాగము సబ్బురాతితో కట్టబడినది. బ్రెజిలు దేశమున రియో నగరముపై కొండశిఖరమున 1931 అక్టోబరు 12వ తేదీన ప్రారంభింపబడిన క్రీస్తు విగ్రహము 30 మీటరుల ఎత్తుగలది. లోపల ఇనుపచువ్వల కాంక్రీటు, పైన చిన్న చిన్న సబ్బురాతి బిళ్లలు. మరియు నంతకంటె నెంతో పూర్వము సింధునదీ నాగరకతనాటి జనులు తమ ముద్రికలను ఈ రాతిపై చెక్కి, నిప్పులలో కాల్చి గట్టిపరచిరి. నాలుగు వేల సంవత్సరములు గడచినను వానిపైని ఎద్దుల బొమ్మలు నేటికిని స్పష్టముగా నున్నవి.

కాల్చినచో మెత్తని రాయి ఏల గట్టిపడును? సుమారు 800 డిగ్రీలు దాటిన పిమ్మట టాల్కులో బంధింపబడిన నీరు వెడలిపోవును. అపుడు జారెడి ఆకుల కట్టడము చెదరి, గట్టి ఖనిజము వేరొకటి యేర్పడును. ఈ గుణమును పట్టుకొనియే విద్యుత్పరికరములలో వేడిని, విద్యుత్తును ఓర్చు పింగాణి భాగములను స్టియటైటుతో చేయుచున్నారు.

వంటయింట దాని గుణదోషములు

పూర్వము మన ఇండ్లలో రాచిప్ప యుండెడిది. చింతపండు పులుసును ఇత్తడి గిన్నెలో కాచవలెనన్న కళాయి పూయింపవలెను. లేనిచో చిలుమెక్కి విషమగును. రాచిప్పకు ఆ భయము లేదు. క్రొత్త చిప్పను తెచ్చిన వెంటనే పొయ్యిమీద పెట్టరు. నూనె పట్టించి, గంజి పోసి, కొన్ని దినములు పదును చేసి, పిమ్మట సన్నని సెగపై మెల్లగా అలవాటు చేయుదురు. పొయ్యి దింపిన తరువాతగూడ పులుసు చాలసేపు కుతకుతలాడుచుండును. పెద్దలు అనుభవముచేత తెలిసికొనిన యీ గుణములే వంటగట్టునకును వర్తించును.

గుణములు మూడు. ఒకటి, వేడిగిన్నెను నేరుగా దానిపై పెట్టినను పగులదు, మచ్చపడదు. రెండు, నిమ్మరసమునకును చింతపులుసునకును చలింపదు. మూడు, దానిలో సూక్ష్మరంధ్రములు మిక్కిలి తక్కువ గనుక నూనెగాని పసుపునీరుగాని లోనికి ఇంకదు.

దోషములును కలవు. కత్తిపీట యంచు తగిలినను, బరువైన రుబ్బురోలు ఈడ్చినను గీతలు పడును; అంచులు పెళుకుగా లేచును. ఆ గీతలను మెత్తని గరుకుకాగితముతో రుద్ది నూనె రాచినచో కనబడవు. నూనె రాయనిచో రంగు మచ్చలు మచ్చలుగా మారుచుండును. తెల్లని యీనెలలో సున్నపురాయి యున్నచో ఆ గీత వెంబడి మాత్రము పులుపు కొరుకును. అన్నిటికంటె ముఖ్యమైనది, వంటగట్టునకు తగిన పెద్ద పలకలు మన సీమలలో సులభముగా దొరకవు. దూరదేశమునుండి వచ్చిన బండకు ఆ దూరపు వెలయును తోడగును.

మన రాళ్లతో పోలిక

మనవైపు ఇండ్లలో ఎక్కువగా కనబడునవి తాండూరు, షాబాదు బండలు. ఇవి సున్నపురాళ్లు. నేలకు చల్లగా, చవుకగా, చక్కగా నుండును గాని పులుపు పడినచోట మెరుగు పోవును. కడప నల్లబండయు సున్నపురాయియే. చూచుటకు సబ్బురాతివలె నల్లగా నుండుటచేత కొందరు భ్రమపడుదురు. పాలరాయికిని పులుపునకు పడదు. గ్రానైటు గట్టితనమున అన్నిటికంటె మేలైనది. కత్తికిగాని పులుపునకుగాని లొంగదు. కొన్ని లేతరంగు జాతులు మాత్రము నూనెను పీల్చును. ప్రకాశము జిల్లా చీమకుర్తిలో దొరకి, నల్లని ఆకాశమున బంగారు చుక్కలవలె మెరయు గెలాక్సీ రాయి వర్తకమున గ్రానైటనియే పేరుపొందినను, శాస్త్రరీత్యా గ్రానైటు కాదు. గాబ్రో యను శిలాజాతికి చెందినది. వర్తకపు పేరొకటి, శాస్త్రపు పేరొకటి యగుట రాళ్ల బజారున సామాన్యము.

కాబట్టి బండను కొనువారు పేరును నమ్మక రాతిని పరీక్షింపవలెను. దుకాణమున నొక విరుగు ముక్కను అడిగి తెచ్చుకొని యీ క్రింది పరీక్షలు చేయవచ్చును. మొదట వ్రేళ్లతో తడిమి చూడుడు. సబ్బురాయి యైనచో మెరుగు లేని ప్రక్కగూడ జారుగా నుండును. తరువాత చాకు మొనతో గీయుడు. సబ్బురాయి యైనచో తెల్లని మెత్తని పొడి రాలును, ఆ పొడి వ్రేళ్ల నడుమ నూనెవలె నుండును. గ్రానైటుపై చాకే అరుగును. పిమ్మట మెరుగు పెట్టిన ప్రక్క నిమ్మరసపు చుక్క వేసి కాలుగంట యుంచి తుడువుడు. మెరుగు పోయినచో అది సున్నపురాయి లేక పాలరాయి. కడపట నీటిచుక్క వేసి చూడుడు. చుక్క క్రింద రాయి నల్లబడినచో అది నీటిని పీల్చుచున్నదని యర్థము. ఈ నాలుగు పరీక్షలకును పైసా ఖర్చు లేదు.

పొడి, పరిశ్రమలు, దుమ్ము

పటాన్‌చెరు పరిశ్రమల ప్రాంతము 1970 దశకమునుండి వృద్ధిచెందినది. బలపపు రాయి మన భూమిలో దొరకకున్నను, ఇచట తయారగు వస్తువుల జాతులలో అది మారువేషమున కనబడును. మందుబిళ్లలు చేయునపుడు పొడి యంత్రమునకు అంటుకొనకుండ జారుటకు కొద్దిగా టాల్కు కలుపుట కలదు. రంగులు, కాగితము, రబ్బరు, ప్లాస్టిక్కు, పింగాణి మున్నగువానిలోను దాని పొడిని వాడుదురు. పైరులపై చల్లు పురుగుమందు పొళ్లలోగూడ మందు కొంచెము, దానిని మోయు రాతిపొడి ఎక్కువ. బిడ్డల యొంటికి పూయు పౌడరు సంగతి అందరికిని తెలిసినదే.

రాయి బండగా నున్నంతకాలము ఎవరికిని హాని చేయదు. దుమ్మయి గాలిలో లేచినపుడే యది మనుష్యుని శత్రువగును. ఈ విషయమున మేము కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. ఏల యనగా రాళ్లను కోయు పనిచేయువారు మన ప్రాంతమునను ఎందరో కలరు. గ్రానైటులో స్ఫటికము, అనగా శుద్ధమైన సిలికా, నూటికి ఇరువది పాళ్లకు తక్కువ కాకుండ నుండును. రాతిపొడిని జిగురుతో కలిపి యంత్రములలో పోతపోసిన కృత్రిమపు క్వార్ట్జు బండలలో నది తరచుగా తొంబది పాళ్లకు మించును. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. అది ఒకసారి ముదిరినపిమ్మట దానిని వెనుకకు మరల్చు మందు లేదు. ఈ కారణముచేతనే ఆస్ట్రేలియా ప్రభుత్వమువారు 2024 జూలై 1వ తేదీనుండి కృత్రిమపు బండల తయారీని, వాడుకను నిషేధించిరి.

బలపములు చేయుటలోనే యీ వ్యాధి కలిగిన చోటును మన దేశమున కలదు. మధ్యప్రదేశమునందలి మందసౌరులో బలపములను టాల్కుతో కాక, సిలికా మిక్కుటముగా గల పలకరాతితో కోయుచుండిరి. ఆ దుమ్మును పీల్చిన కూలీలు చిన్న వయస్సుననే సిలికోసిస్ పాలగుటను జాతీయ వృత్త్యారోగ్య సంస్థవారు పరిశీలించి ప్రకటించిరి. బిడ్డ చేతిలో బలపమొకటే. కాని అది ఏ రాయి యను భేదము కూలివాని ఆయుర్దాయమును నిర్ణయించినది.

సబ్బురాతిలో స్ఫటికము సామాన్యముగా స్వల్పము గనుక ఆ మేరకు దాని దుమ్ము గ్రానైటు దుమ్మంత క్రూరము కాదు. అయినను నిర్దోషమైనదని చెప్పుటకు వీలులేదు. టాల్కు పొడిని పలుకాలము పీల్చినను ఊపిరితిత్తులు చెడును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగమువారు 2024లో టాల్కును క్యాన్సరు కలిగించుటకు అవకాశముగల పదార్థముల తరగతిలో చేర్చిరి. రాతినార కలసిన టాల్కు మాట వేరుగా చెప్పనక్కరలేదు.

కావున ఇంట బండలు వేయించుకొను గృహస్థులకు మా విన్నపము. కోతపనిని ఇంటిలోపల, పొడిగా జరుగనీయకుడు. చక్రముపై నీరు పడుచుండగా కోసినచో దుమ్ము బురదయై నేలకు దిగును. ఆ బురద ఎండకముందే ఎత్తివేయింపుడు. పనివాడు ముక్కునకు తువ్వాలు చుట్టుకొనినంత మాత్రమున సన్నని దుమ్ము ఆగదు. సరియైన ముసుగు కావలెను. మన వంటగట్టు మెరుపునకై మరియొకని ఊపిరి తరిగిపోరాదు.

బలపము తినుట

కడపట మా విద్యార్థులతో, విశేషించి బాలికలతో, ఒక మాట చెప్పవలెను. బలపములను కొరికి తినుట మన బడులలో చిరకాలముగా నున్న యలవాటు. గర్భిణీ స్త్రీలలోను ఇది కలదు. తల్లులు కోపించుదురు, తోటివారు నవ్వుదురు, తినువారు దాచుకొని తిందురు. అది కేవలము చెడ్డ అలవాటని మందలించి విడుచుట చాలదు. మట్టిని, బలపమును, సుద్దను తినవలెనను కోరిక తరచుగా రక్తహీనతకు, అనగా శరీరమున ఇనుము చాలకుండుటకు, గుర్తు. టాల్కులోనున్నది మెగ్నీషియమును సిలికాయును. అది కడుపులో కరగనైన కరగదు. ఎంత తినినను రక్తమునకు బలమీయదు. పండ్లు అరుగును, కడుపు బిగియును, బలపముతోపాటు దుమ్మును మురికియు లోనికి పోవును.

కాబట్టి బలపము తినవలెనని కోరిక గలవారు సిగ్గుపడక తల్లికిగాని, ఉపాధ్యాయురాలికిగాని చెప్పవలెను. వైద్యునివద్ద రక్తపరీక్ష చేయించుకొనుట నిమిషములలో నగు పని. బడిలో నిచ్చెడి ఇనుపమాత్రలను పారవేయక మ్రింగవలెను. ఆకుకూరలు, పప్పులు, రాగులు, బెల్లము, వీలున్నవారు మాంసము, వానితోపాటు నిమ్మపులుపు తినుట మేలు. ఇనుము చేరినకొలది ఆ కోరిక తనంతట తానే తగ్గుట వైద్యులు చూచుచున్న సంగతి. తలిదండ్రులును బిడ్డ సంచిలో కొరికిన బలపము కనబడినపుడు బెత్తమును కాక వైద్యుని తలచుకొందురుగాక.

ఉపసంహారము

రాయలసీమ భూగర్భమున 188 కోట్ల సంవత్సరముల క్రిందట ఒక వేడి ప్రవాహము డోలమైటు నంటుటచేత బలపము పుట్టినది. హోయసల శిల్పి చేతిలో నదే జాతి రాయి విగ్రహమైనది. మన అవ్వల పొయ్యిమీద రాచిప్ప యైనది. ఫిన్లాండున చలికాచుకొను పొయ్యి యైనది. పరిశ్రమలలో పొడి యైనది. వంటగట్టునకు నది యుత్తమమా యని యడిగినచో మా ప్రత్యుత్తరమిది: గీతలను సహించి నూనె రాచుకొనగల యోపికయు, వెల పెట్టగల శక్తియు నున్నవారికి అది మంచి రాయియే, సామాన్య గృహస్థులకు మన గ్రానైటు చాలును, పులుపు సోకని చోట మన తాండూరు బండ చాలును. ఏ రాతినైనను పేరునుబట్టి కాక గుణమునుబట్టి యెంచుకొనుటయు, దానిని కోయువాని ఊపిరిని గూర్చి యొకసారి తలచుటయు, బలపమును వ్రాతకే వాడుటయు మన చేతిలోని పనులు.